సెట్టింగులన్నీ రిజిస్ట్రీలో ఉండాలా, విడివిడి ఫైళ్లలో ఉండాలా?

తిరుపతి డీటీపీ:
బైరాగిపట్టెడలో పన్నెండేళ్లుగా డీటీపీ, పెళ్లి ఆల్బమ్‌ల పని చేస్తున్నాను. పోయిన నెల కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ లేవలేదు. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీ పాడైందన్నారు. సెట్టింగులన్నీ ఒకే చోట పోసి పెడితే ఇంతే. విండోస్‌కు బదులు వాడే లైనక్స్‌లో ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఒకటి చెడితే ఆ ఒక్కటే ఆగుతుంది. అదీ పద్ధతి.

చిత్తూరు సిస్టమ్స్:
రిజిస్ట్రీ ఒకే ఫైలు కాదు. సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ అన్నీ వేర్వేరు ఫైళ్లు, ఒక్కోదాన్ని హైవ్ అంటారు. వాడుకరి సెట్టింగులు ఎన్‌టీయూజర్.డాట్‌లో ఉంటాయి. మార్పులు ముందు లాగ్ ఫైలుకెక్కుతాయి కాబట్టి మధ్యలో కరెంటు పోయినా సరిచేసుకునే వీలుంది. విండోస్ 3.1 కాలంలో సెట్టింగులు రాసిపెట్టే ఐఎన్ఐ అనే టెక్స్ట్ ఫైళ్లతో అవస్థపడినవాణ్ణి నేను. ప్రోగ్రామును తీసేసినా దాని వరుసలు విన్.ఐఎన్ఐలో పేరుకుపోయేవి. ఆ ఫైలుకేమో 64 కిలోబైట్ల హద్దు. రిజిస్ట్రీలో ఏ కీని, అంటే ఏ విభాగాన్ని, ఎవరు చదవాలో, ఎవరు మార్చాలో విడిగా అనుమతి పెట్టవచ్చు.

తిరుపతి డీటీపీ:
ఒకటైనా అయిదైనా నాకు ఒకటే. సిస్టమ్ హైవ్ ఒక్కటి చెడింది, కంప్యూటర్ లేవలేదు.

చిత్తూరు సిస్టమ్స్:
యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారు?

తిరుపతి డీటీపీ:
నేను మాట్లాడుతున్నది బ్యాటరీ గురించి కాదు.

కాణిపాకం దారి:
మా ఆఫీసులో అన్నీ విండోసే. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఎస్వీయూ విద్యార్థి:
లైనక్స్‌లో కూడా అన్నీ టెక్స్ట్ కాదన్నా. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగులు డీకాన్ఫ్ అనే బైనరీ ఫైలులోనే ఉంటాయి.

చిత్తూరు సిస్టమ్స్:
అదీ మాట. ఏ డిస్కులు తెరవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో, కంప్యూటర్‌కు లేని డిస్కు పేరు ఒక్కటి పడినా లైనక్స్ మామూలుగా లేవకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

తిరుపతి డీటీపీ:
ఆగిపోనివ్వండి. ఆ ఫైలు తెరిచి, ఆ వరుస ముందు హాష్ గుర్తు పెడితే మళ్లీ లేస్తుంది. కళ్లతో చదవగలను. హైవ్ తెరిచి ఏం చదవను?

చిత్తూరు సిస్టమ్స్:
చదవగలమని తెరిచేవాళ్లతోనే నా బాధంతా. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ మధ్యలో ఒకాయన రిజిస్ట్రీని శుభ్రం చేస్తానని ఏదో సాఫ్ట్‌వేర్ వేశాడు. కాటా కంప్యూటర్ ఆగిపోయింది. గేటు బయట తోతాపురి లారీలు బారులు తీరాయి. తెల్లవార్లూ కూర్చుని బాగుచేసింది నేను. తెలియనివాళ్ల చేతికి అందకుండా ఉండటమే మేలు.

తిరుపతి డీటీపీ:
తెలియనివాళ్లా? మా కొట్టుకు వచ్చినవాడు తెలిసినవాడేనండీ. రిజిస్ట్రీ కాపీలుండే రెగ్‌బ్యాక్ ఫోల్డరు తెరిచి చూపించాడు, అన్నీ సున్నా సైజు ఫైళ్లు. ‘ఇక ఫార్మాటే’ అన్నాడు. నేను టీ చెప్పి వచ్చేలోపు రెండు డ్రైవులూ తుడిచేశాడు. డీ డ్రైవులో మూడు పెళ్లిళ్ల ఫొటోలున్నాయి. ఒక పెళ్లికూతురి తాతగారు ఆ తర్వాత పోయారు. ఆ ఇంటివాళ్లకు నేనేం చెప్పాలి? లోపల ఏముందో నాకు కనిపించదు కాబట్టే అతని మాట నమ్మాను.

చిత్తూరు సిస్టమ్స్:
డీ డ్రైవు తుడవడం ఘోరమైన తప్పు. హైవ్ చెడితే దాన్ని ముట్టుకోవలసిన పనే లేదు. అది చేసినవాడి తప్పు, రిజిస్ట్రీది కాదు. రెగ్‌బ్యాక్ సంగతి వేరు. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి, డిస్కులో చోటు మిగల్చడానికని ఆ కాపీలు తీయడం ఆపేశారు. ఎనేబుల్‌పీరియాడిక్‌బ్యాకప్ అనే విలువను 1 చేస్తే మళ్లీ మొదలవుతుంది.

తిరుపతి డీటీపీ:
ఆ విలువ ఎక్కడుంటుంది?

చిత్తూరు సిస్టమ్స్:
రిజిస్ట్రీలోనే. సెషన్ మేనేజర్ కింద కాన్ఫిగరేషన్ మేనేజర్ కీలో మీరే చేర్చాలి.

తిరుపతి డీటీపీ:
చూశారా? కాపీ ఆపినట్లు నాకెవరూ చెప్పలేదు. మళ్లీ మొదలుపెట్టాలంటే నాబోటివాడు తాకకూడదన్న చోటికే వెళ్లాలి. మరి వెళ్లాలా, వద్దా?

చిత్తూరు సిస్టమ్స్:
వెళ్లండి. ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవులో పెట్టుకోండి.

ఎస్వీయూ విద్యార్థి:
ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చేది టెక్స్ట్ ఫైలేనన్నా. నోట్‌ప్యాడ్‌లో చదవచ్చు.