సమస్యాపూరణం: చెవిటివాడు వినెను చెప్పకుండ

నిర్వాహకుడు:
మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. మన పద్యాల గుంపు సభ్యుల్లో సగం మందికి పైగా రిటైరైనవాళ్ళే, నెలకోసారైనా డాక్టరు గది మెట్లెక్కేవాళ్ళే. అందుకని ఈ వారం సమస్య ఆ గది నుంచే ఇస్తున్నాను.

చెవిటివాడు వినెను చెప్పకుండ

ఆటవెలది నాలుగో పాదం ఇది. అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రలవి), చె–చె యతి (మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు). చెప్పకుండా వినడమే అసాధ్యం, అందులోనూ చెవిటివాడు! అవధానంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఇలాంటి పొసగని మాట ఇచ్చి కూర్చుంటాడు. మొదటి మూడు పాదాలతో దాన్ని పొసిగేలా చేయడమే మన పని. వయసు మీద పడ్డవాళ్ళకీ డాక్టర్లకీ మధ్య జరిగే మాటలను వస్తువుగా తీసుకోండి. హాస్యం ఉండాలి, పెద్దవాళ్ళను కించపరచకూడదు.

రాజమండ్రి మాస్టారు:
కాగితమ్ము చూచి కనుబొమ్మ ముడివేసి
కొడుకు వైపు తిరిగి కొంత నిలిచె
మోము చూడ తెలిసె ముసలాయనకు గుట్టు
చెవిటివాడు వినెను చెప్పకుండ

నిర్వాహకుడు:
మాస్టారూ, ధార హాయిగా ఉంది. రిపోర్టు చేతికి రాగానే డాక్టరు పేషెంటును వదిలేసి పక్కనున్న కొడుకుతో మాట్లాడటం మనందరం చూసిందే. ‘కొంత నిలిచె’ దగ్గర పద్యమంతా ఆగి ఊపిరి బిగబట్టింది. ఒక్క మాట, ‘చూడ’ ద్రుతాంతం (చివర నకారం దాగి ఉన్న మాట) గనక ‘చూడఁ దెలిసె’ అనాలి. గణం మారదు, సరిచేసుకోండి. ఇంకో సందేహం: పూర్వార్ధంలో కర్త కనిపించడు. కాగితం చూసింది డాక్టరని మనం ఊహించుకోవాలి. ఈ వారం వస్తువు అదే కాబట్టి చెల్లుతుంది, విడిగా చదివేవాడికి తడబాటే.

నల్గొండ అక్కయ్య:
మందు మింగు మనిన మాటాడ డెంతకు
తీపి డబ్బ మూత తీయు వేళ
వంటయింటి లోకి వచ్చెను పరుగున
చెవిటివాడు వినెను చెప్పకుండ

మొన్న చెవి డాక్టరు దగ్గర “ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదమ్మా?” అని అడిగితే ఇదే చెప్పిన. ఆయన పడీపడీ నవ్విండు. మావారు మాత్రం నవ్వలేదు.

రాజమండ్రి మాస్టారు:
అమ్మా, చమత్కారం ఇదీ! నా పద్యం పక్కన పెట్టండి. ‘మూత తీయు వేళ’ అన్నచోట ఆ చప్పుడు నాకే వినిపించింది.

గుంటూరు డాక్టరుగారు:
అక్కయ్యా, పద్యం నాకూ నచ్చింది. కానీ ఆయన నవ్వలేదన్న మాట దగ్గర ఆగిపోయాను. ‘తనకు కావలసినవి వినపడతాయి, మనం చెప్పేవి వినపడవు’ అని ఇంటింటా అనుకుంటారు. చాలామంది విషయంలో అది నటన కాదు. వయసుతో వచ్చే చెవుడు ముందుగా పై స్థాయి (సన్నని) శబ్దాలను తీసుకుపోతుంది. అచ్చులు బాగానే అందుతాయి. స, ష, త, క లాంటి హల్లులు జారిపోతాయి. చప్పుడు వినిపిస్తుంది, మాట మాత్రం విడిగా తెలియదు. చిన్నపిల్లల మాటలు, ఆడవాళ్ళ సన్నని గొంతులు మరీ కష్టం.

నా గదిలోనే జరిగింది చెబుతాను. ఒక పెద్దాయనను “మోషన్ ఫ్రీగా ఉందా?” అని అడిగాను. “మోహన్ ఎక్కడ ఫ్రీగా ఉంటాడండీ, పొద్దున్నే ఆఫీసుకెళ్ళాడు” అన్నారు. వెంట వచ్చిన కోడలు నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళింది. ఆయన తప్పు ఏముంది? ‘ష’ పోయి ‘హ’ మిగిలింది, మిగతాది ఆయన తెలివితో పూరించుకున్నారు. అదీ సమస్యాపూరణమే కదా!

మామూలు మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. మనం అరిస్తే అచ్చుల మోత పెరుగుతుంది తప్ప హల్లులు పెద్దగా తేలవు. పైగా మొహంలో విసుగు కనిపిస్తుంది. ఒకమాటు చెవిలో గుబిలి ఉందేమో కూడా చూపించండి. కొందరికి అది తీయగానే సగం చెవుడు పోతుంది.

హైదరాబాద్ తమ్ముడు:
గురువుగారూ, ఇది నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

రాత్రి యెన్నిసార్లు లేతురో యని బిగ్గ
నడుగ వైద్యురాలు నలుగురెదుట
సిగ్గుపడుచు మూడు చెప్పెను, మరలను
చెవిటివాడు వినెను చెప్పకుండ

నిర్వాహకుడు:
తమ్ముడూ, ‘మరలను’ మూడో పాదం చివర పెట్టి సమస్యను విప్పడం మొదటి పూరణకు చాలా గొప్ప. మళ్ళీ చెప్పించుకోకుండానే విన్నాడు! నలుగురెదుట అలాంటి ప్రశ్న పడితే ఎంత చెవుడైనా ఒక్కసారికే వినపడి తీరుతుంది. ఇక యతి చూడు. మొదటి పాదంలో రా–లే వేశావు. రేఫకూ లకారానికీ మైత్రి ఉంది, కానీ ఆ–ఏ అచ్చులు కలవవు. ‘రాత్రి’ తీసి ‘రేయి’ వేస్తే సరి:

రేయి యెన్నిసార్లు లేతురో యని బిగ్గ

గుంటూరు డాక్టరుగారు:
ఈ ప్రశ్న మేం అడక్క తప్పదు. ప్రోస్టేటు పెరిగినా, షుగరు ఎక్కువైనా, బీపీకి ఇచ్చిన నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకున్నా రాత్రిళ్ళు లేవాల్సి వస్తుంది. కానీ తలుపు వేసి అడగాలి. కూతురో కోడలో పక్కనుంటే చాలామంది మగవాళ్ళు “అబ్బే, అలాంటిదేం లేదు” అనేసి వెళ్ళిపోతారు. పద్యంలో ఆయన నిజం చెప్పాడు గనక బతికిపోయాడు.

నాదీ ఒక ప్రయత్నం, విరుపుతో (సమస్యలోని మాటను వేరేచోట విరిచి):

నీళ్ళు తాగు మనుచు నెమ్మది నెదురుగ
కూరుచుండి వైద్యకోవిదుండు
సంత కేగి తాత చక్కగఁ గొనితెచ్చె
చెవిటివాడు వినెను చెప్ప, కుండ

ఎదురుగా కూర్చుని డాక్టరు నెమ్మదిగా చెప్పగా చెవిటివాడు విన్నాడు. సంతకు వెళ్ళి కుండ కొనితెచ్చాడు.

హైదరాబాద్ తమ్ముడు:
డాక్టరుగారూ, కుండ అంటారని అస్సలు ఊహించలేదు!

రాజమండ్రి మాస్టారు:
విరుపు బాగుంది. దూరాన్వయం మాత్రం ఉంది. రెండో పాదంలోని వైద్యుడు నాలుగో పాదంలోని ‘చెప్ప’ను అందుకోవాలి, మూడో పాదంలోని ‘కొనితెచ్చె’ చివరి కుండను అందుకోవాలి. చదువరికి రెండుసార్లు పని.

నిర్వాహకుడు:
విరుపు పూరణలో ఆ మాత్రం దూరం తప్పదు మాస్టారూ. నాకు తగిలింది వేరే. ‘తాత’, ‘చెవిటివాడు’ అని రెండు మాటలు రావడంతో ఇద్దరున్నారేమో అనిపిస్తోంది. ‘సంత కేగి నాడె చక్కగఁ గొనితెచ్చె’ అంటే ఆ చిక్కు తీరుతుంది. ఈ వారం నా ఓటు దీనికే. మిగతా పూరణల్లో చెప్పకుండానో, మళ్ళీ చెప్పకుండానో విన్నాడు. ఇందులో డాక్టరు సరిగ్గా చెప్పాడు గనక విన్నాడు. మన పెద్దవాళ్ళకు కావలసింది అదే కదా.

నల్గొండ అక్కయ్య:
డాక్టరుగారూ, మీరు రాసింది మావారికి పెద్దక్షరాలు చేసి చూపించిన. చదివి, “చూసినవా?” అన్నరు. నాకిప్పుడు జలుబుతో గొంతు లేదు. పొద్దున్న జరిగింది పద్యం కట్టిన.

ఎదుట కూరుచుండి పెదవులు కదలింప
గొంతు పూడిపోయి గొణుగుచున్న
మందువేళ యనుచు మగడంత తలయూపె
చెవిటివాడు వినెను చెప్పకుండ

నిర్వాహకుడు:
అక్కయ్యా, ఎదుట–పెదవులు ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలపడం) చక్కగా పడింది. ‘గొణుగుచున్న’ కన్నా ‘గొణుగుచుండ’ అంటే క్రియ ఇంకా స్పష్టమవుతుంది. నా ఓటు మార్చుకుంటున్నాను, డాక్టరుగారు ఏమీ అనుకోరు.