అల్యూమినా సోడాలోనూ కరగదు, ఆమ్లంలోనూ కరగదు: ద్విస్వభావం చూపేదెలా?

పలాస_పదోతరగతి: సీసాలో ఉన్న అల్యూమినియం ఆక్సైడ్ పొడిని సజల హైడ్రోక్లోరికామ్లంలో వేస్తే అడుగున కూర్చుంటోంది. కాస్టిక్ సోడాలోనూ అంతే. రెండింటితోనూ చర్య జరుపుతుందని, అదే ద్విస్వభావమని పుస్తకంలో ఉంది, నాళికలో మాత్రం కనబడదు. అల్యూమినియం లవణమైన పటికతో చేస్తే రావలసిన తెల్లని ముద్ద అసలు రానే లేదు. లోపం ఎక్కడుందండీ?

బొబ్బిలి_ల్యాబు: లోపం పొడిది మాస్టారూ. అమ్మకానికి వచ్చే అల్యూమినా ఎక్కువగా బాగా కాల్చినది, స్ఫటికం గట్టిపడిపోయి ఉంటుంది. స్కూల్లో ఉండే పలచని ఆమ్లానికీ సోడాకీ అది లొంగదు. అప్పటికప్పుడు అవక్షేపించిన (ద్రావణంలోంచి ముద్దగా విడదీసిన) అల్యూమినియం హైడ్రాక్సైడ్‌తో చూపించాలి.
పటిక 4.7 గ్రాములు, నీళ్లు 100 మి.లీ. కాస్టిక్ సోడా 2 గ్రాములు, నీళ్లు 100 మి.లీ. పటిక ద్రావణం 2 మి.లీ. నాళికలో పోసి, సోడాని డ్రాపర్‌తో ఒక్కో చుక్కా వేస్తూ కలపండి. 20–25 చుక్కలకి జిగురులాంటి తెల్లని ముద్ద వస్తుంది. 35 దాటాక తేటపడడం మొదలు. తేటపడిన దాంట్లో ఆమ్లం చుక్కలు వేస్తే తెలుపు మళ్లీ వస్తుంది, ఇంకొంచెం వేస్తే మళ్లీ పోతుంది. ఒకే నాళికలో రెండు గుణాలూ కనబడతాయి.

పలాస_పదోతరగతి: మా సోడా 100 మి.లీ.కి 8 గ్రాములది. పైగా సోడాలోనే పటిక పోశాం.

బొబ్బిలి_ల్యాబు: అదేనండీ సంగతి. సోడాలో పటిక పోస్తే మొదటినుంచీ క్షారమే ఎక్కువ, ముద్ద పుట్టగానే కరిగిపోతుంది. వరస తిప్పినా, 8 గ్రాముల సోడా అయితే ఆరు చుక్కలకి ముద్ద, ఎనిమిదో తొమ్మిదో చుక్కకి తేట. వెనక బెంచీ వాళ్లు తలెత్తి చూసేసరికి అయిపోతుంది.

టెక్కలి_ప్రశ్న: అయితే మీరు చూపింది హైడ్రాక్సైడ్ కదా? ఆక్సైడ్ ఏదీ?

సాలూరు_మేడమ్: న్యాయమైన ప్రశ్నే. ఆక్సైడ్‌నే చూపాలంటే జింక్ ఆక్సైడ్ తీసుకోండి. అగ్గిపుల్ల తలంత పొడి సజల ఆమ్లంలో వెంటనే కరుగుతుంది. సోడాకి మాత్రం బలం కావాలి: 100 మి.లీ.కి 20 గ్రాములు. 5 మి.లీ.లో అదే పొడి వేసి, నాళికని వేడినీళ్ల గిన్నెలో ఉంచి కలుపుతూ ఉండాలి. నేరుగా మంట మీద పెడితే సోడా ఎగిరి కళ్లలో పడుతుంది, కళ్లద్దాలు లేకుండా వద్దు.
జింక్ ఆక్సైడ్ లేకపోతే ఎరువుల దుకాణంలో వరికి అమ్మే జింక్ సల్ఫేట్ ఉంది, పటికలాగే పనిచేస్తుంది. 21 శాతం ప్యాకెట్ అయితే 2.9 గ్రాములు 100 మి.లీ.లో. అడుగున గోధుమరంగు మిగిలితే అది ఇనుము మలినం, ఎంత సోడా పోసినా కరగదు. పారబోయకండి, అదే ఒక పాఠం: అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్‌ని వేడి సోడాలో ఉడికించి, కరగని ఇనుప ఆక్సైడ్‌ని ఎర్రబురదగా వేరుచేసేది ఈ తేడాతోనే. చీలేటెడ్ జింక్ మాత్రం కొనవద్దు, దాంట్లో జింక్‌ని పట్టుకున్న పదార్థం వదలదు, ముద్దే రాదు.

టెక్కలి_ప్రశ్న: సోడా బదులు అమోనియా వాడొచ్చా?

సాలూరు_మేడమ్: వద్దు. అమోనియాలో జింక్ హైడ్రాక్సైడ్ కరుగుతుంది గానీ అది క్షారంతో చర్య వల్ల కాదు, అమోనియా అణువులు జింక్‌కి అంటుకుని సంక్లిష్ట అయాన్ ఏర్పడడం వల్ల. రాగి హైడ్రాక్సైడ్ కూడా అలాగే కరుగుతుంది. పిల్లలు రాగినీ ద్విస్వభావం ఖాతాలో రాసేస్తారు. అల్యూమినియందేమో అమోనియాలో దాదాపు కరగదు.

గరివిడి_రాయి: ఇటు చీపురుపల్లి, గరివిడి వైపు పిల్లలకి మాంగనీసు రాయి తెలుసు కాబట్టి ఒక మాట. మాంగనీస్ మోనాక్సైడ్ క్షారం, డయాక్సైడ్ ద్విస్వభావం, హెప్టాక్సైడ్ ఆమ్లం. లోహం ఒక్కటే, ఆక్సిజన్ పెరిగేకొద్దీ ఆమ్లగుణం పెరుగుతోంది. "లోహ ఆక్సైడ్ అంటే క్షారమే" అన్న బట్టీకి ఇదే మందు. మాటల్లోనే చెప్పండి. డయాక్సైడ్ మీద గాఢ హైడ్రోక్లోరికామ్లం పోస్తే క్లోరిన్ వస్తుంది. పర్మాంగనేట్ మీద గాఢ సల్ఫ్యూరికామ్లం పోస్తే పుట్టే హెప్టాక్సైడ్ పేలుతుంది.

బొబ్బిలి_ల్యాబు: క్షార ఆక్సైడ్‌కి ఉదాహరణగా మెగ్నీషియం రిబ్బన్ కాల్చిన బూడిదకి లిట్మస్ మారలేదని చాలామంది అంటారు. అది నీళ్లలో కరిగేది చాలా కొద్ది. బూడిద మీద నాలుగు చుక్కల గోరువెచ్చని నీళ్లు వేసి, వంటింటి పసుపు పూసిన కాగితం అద్దితే ఎరుపు స్పష్టంగా వస్తుంది. రిబ్బన్‌ని ముందు గరుకు కాగితంతో రుద్దాలి. ఆమ్ల ఆక్సైడ్ కోసం గంధకం కాల్చితే వచ్చే వాయువుకి పసుపు పనిచేయదు, తడి నీలి లిట్మస్ కావాలి. మందార కాగితం పెడితే ముందు ఎర్రబడి తరవాత రంగే వెలిసిపోతుంది, సల్ఫర్ డయాక్సైడ్ విరంజనం చేస్తుంది గదా.

టెక్కలి_ప్రశ్న: ఇసుక, అంటే సిలికా, నీళ్లలో కరగదు. మరి అది ఆమ్ల ఆక్సైడ్ ఎలా?

సాలూరు_మేడమ్: నీళ్లలో కరగడంతో పని లేదు, క్షారంతో చర్య చూడాలి. సోడా సీసాకి గాజు బిరడా పెట్టి నెల వదిలేయండి, బిగుసుకుపోయి తిప్పినా రాదు. గాజులోని సిలికాతో సోడా కలిసి సిలికేట్ అవుతుంది. రబ్బరు బిరడా గానీ ప్లాస్టిక్ సీసా గానీ వాడేది అందుకే.