పిల్లికూతలు తగ్గడం లేదు: పసుపు క్యాప్సూళ్లు, పుప్పొడి వాడవచ్చా?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. మేము విశాఖపట్నం జ్ఞానాపురంలో ఉంటున్నాము. నాకు పదేళ్లుగా ఆస్తమా ఉంది. చలికాలం వస్తే తెల్లవారుజామున తుమ్ములు, ఆ వెంటనే పిల్లికూతలు మొదలవుతాయి. డాక్టరు గారు బుడెసొనైడ్ ఇన్‌హేలరు, రాత్రికి డెరిఫిలిన్ మాత్ర రాశారు. నెల రోజులుగా మా ఆడపడుచు తెచ్చిన పసుపు క్యాప్సూళ్లు కూడా వేసుకుంటున్నాను. ఇప్పుడు తేనెటీగల పుప్పొడి మొదలుపెట్టి ఇన్‌హేలరు మానేయమంటున్నారు. ఈ మధ్య గుండెదడ, వికారం ఉంటున్నాయి. ఏమి చేయాలి?

జవాబు: అమ్మా, ముప్పై ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, ఇన్‌హేలరు మాత్రం మానవద్దు. శ్వాసనాళాల లోపలి వాపును అణచి ఉంచేది అదే. ఆ పని చేయగల పొడి గాని, క్యాప్సూలు గాని నాకు తెలిసి లేదు.

మీ గుండెదడ నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు కనుక చాలా కంపెనీలు అందులో మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతాయి. డెరిఫిలిన్‌లో ఉండే థియోఫిలిన్ స్థాయిని రక్తంలో పెంచే గుణం ఈ పైపెరిన్‌కు ఉంది. థియోఫిలిన్‌లో మేలు చేసే మోతాదుకూ, కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. అది ఎక్కువైనప్పుడు మొదట కనిపించేవి దడ, వికారాలే. కూరలో పసుపుకు, చారులో మిరియాలకు భయపడనక్కరలేదు. క్యాప్సూళ్లు ఆపి, ఈ రాత్రి మాత్ర వేసుకోకముందే ఆ డబ్బాతో సహా డాక్టరును కలవండి.

పుప్పొడి అసలే వద్దు. అలర్జీ, ఆస్తమా ఉన్నవారిలో అది ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. తేనెటీగలు రాణి ఈగకు ఆహారంగా పెట్టే రాయల్ జెల్లీ కూడా అంతే.

మీ ప్రాంతంలో పోర్టు బొగ్గు ధూళి ఉండనే ఉంది. దానికి తోడు సముద్రపు తేమకు పరుపుల్లో కంటికి కనిపించని పురుగులు పెరుగుతాయి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఎవరినీ అడగకుండా 108కు ఫోన్ చేయండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. డబ్బా మీద పైపెరిన్ అని ఉంది. డాక్టరు గారు ఈసీజీ తీయించి, క్యాప్సూళ్లు పూర్తిగా మాన్పించారు. ఇన్‌హేలరు పీల్చాక ఊపిరి పది సెకన్లు బిగబట్టాలనీ, తరువాత నోరు పుక్కిలించాలనీ చెప్పారు. పదేళ్లలో నేను ఆ రెండూ చేయలేదు.