“ఆదివారం వరకు” అంటే ఆదివారం కలిసినట్టా?

రమణమూర్తి: బీచ్ రోడ్డు పక్కన ఒక ప్రైవేటు పార్కింగ్ బోర్డు మీద “ఆదివారం వరకు ఉచితం” అని ఉంది. ఆదివారం సాయంత్రమే కారుకు 60 రూపాయల చీటీ ఇచ్చారు. ఇలాంటి హద్దుల గురించి “తేన వినా మర్యాదా…” అని ఒక వాక్యం ఉంది. తరవాతి ముక్క గుర్తు రావడం లేదు.

శేషగిరి: “తేన సహాభివిధిః”. పాణిని వ్యాకరణసూత్రం “ఆఙ్ మర్యాదాభివిధ్యోః” (2-1-13) దగ్గర చెప్పే మాట. ఆఙ్ అంటే “వరకు” అనే అర్థంలో మాట ముందు చేరే సంస్కృత “ఆ”. హద్దును వదిలేస్తే మర్యాద, కలుపుకుంటే అభివిధి. ఆబాలగోపాలంలో బాలుడూ ఉన్నాడు కనక అది అభివిధి.

లలిత: “తేన సహేత్యభివిధిః” కదండీ, మధ్యలో ఇతి ఉండాలి. పాఠం సంగతి ఎలా ఉన్నా ఆ సూత్రం ఆఙ్‌కి, మన “వరకు”కి అతకదు. “బస్సు సీతమ్మధార వరకు వెళ్తుంది” అంటే సీతమ్మధార చేరుతుంది. “పెళ్ళి వరకు ఆగు” అంటే పెళ్ళినాడు ఆగక్కర్లేదు. క్రియను బట్టే తేలుతుంది.

శేషగిరి: ఈ బోర్డులో క్రియే లేదు గదా! పేచీ అంతా అక్కడే.

అప్పలనాయుడు: “దాకా” అని రాసుంటే గొడవుండేది కాదు. అది “తాకు” నుంచి వచ్చిందని నా నమ్మకం. తాకిన రోజు లోపలిదే.

లలిత: గోడను తాకినవాడు ఇంట్లో ఉన్నట్టు కాదు, నాయుడు గారూ.

పద్మ: చీటీ సంగతి కూడా చూడండి. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం “ఫ్రమ్” అంటే మొదటి రోజు పోతుంది, “టు” అంటే చివరి రోజు కలుస్తుంది. అది శాసనాలకే, ప్రైవేటు బోర్డుకు నేరుగా వర్తించదు. కానీ వాదనకు ఆసరా. రెండర్థాలొచ్చే మాటను రాసినవాడికి ప్రతికూలంగానే చదవాలన్నది ఒప్పందాల విషయంలో పాత న్యాయసూత్రం. కాబట్టి బోర్డుకు రెండు ఫోటోలు తీయాలి: గేటు దగ్గర డ్రైవరుకు కనిపించినట్టు ఒకటి, అక్షరాలు చదవగలిగేలా ఒకటి. మర్నాడు బోర్డు మార్చేస్తే చూపించడానికి ఇంకేమీ మిగలదు. చీటీ థర్మల్ కాగితం, అక్షరాలు మాసిపోతాయి. ఆ రోజే దాన్నీ ఫోటో తీసి, “అభ్యంతరంతో చెల్లించాను” అని రాసి పెట్టుకోవాలి. ముందు నిర్వాహకుడికి రాతపూర్వకంగా, 15 రోజుల గడువిచ్చి అడగాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్, లేదా ఈ-జాగృతి వెబ్‌సైటులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు. గడువు 2 ఏళ్ళు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలూ తప్పనిసరి కాదు.

శేషగిరి: చెల్లించడం అనగానే శ్రీనాథుడి చాటువు తలుచుకోకుండా ఉండలేను: “ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు” (టంకాలంటే నాణేలు). పంట ఏటిపాలైతే అంతటి కవికీ బాకీ తీర్చే దారి లేకపోయింది. అందులో “బిలబిలాక్షులు” ఏ పక్షులో ఎవరైనా చెప్పగలరా?

రమణమూర్తి: పక్షులు తరవాత. “వరకు” పుట్టుక తెలిస్తే నా బోర్డు తేలుతుందేమో.

లలిత: తమిళంలో “వరై” అంటే గీత, హద్దు. గీత ఎటూ చెందదు.

అప్పలనాయుడు: మరి మన పాత పుస్తకాల్లో “వఱకు” అని బండిర (ఱ) ఉంటుందే! తమిళ, కన్నడ, మలయాళాలన్నిటా మామూలు రేఫే (ర).

లలిత: అదే నాకూ అంతుబట్టడం లేదు. ఎవరి దగ్గరైనా “వరకు” అని సాధురేఫతో, అంటే మామూలు ర తో, పాత శాసనపాఠం ఉంటే పెట్టండి.