కథల పోటీల్లో మార్కులు ఎలా వేస్తారు? బహుమతి రాని కథను ఏం చెయ్యాలి?

మద్దిలపాలెం కుర్రాడు:
ఉగాది, దీపావళి పోటీల జాబితా వచ్చిన ప్రతిసారీ ‘ముందే అనుకున్న పేర్లు’ అనే మాట వినిపిస్తుంది. విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సభ ముగిశాక టీ దగ్గరా అదే చర్చ. పోటీ సరిగ్గా జరుగుతుందో లేదో పంపకముందే పసిగట్టే దారి ఉందా? మన ఉత్తరాంధ్ర యాసలో రాస్తే మార్కులు తగ్గుతాయా? బహుమతి రాని కథను దిద్దాలా, అలాగే వేరే చోటికి పంపాలా?

ఎర్రమట్టి దిబ్బ:
పక్షపాతం అసలుండదని చెప్పను. కానీ చాలాసార్లు అన్యాయం జరిగేది కూడికలోనే. ముగ్గురు న్యాయనిర్ణేతలు నూటికి మార్కులేశారు అనుకోండి. మొదటి కథకు 90, 62, 63. రెండో కథకు 50, 68, 67. ముగ్గురిలో ఇద్దరికి రెండో కథే నచ్చింది. మొత్తాలు చూస్తే 215, 185. మొదటి కథ గెలిచింది! మార్కుల్లో బాగా తేడా చూపించే ఒక్కరి మాటే చెల్లిందన్నమాట. మార్కులు కాకుండా ఎవరికి వారు వరుస స్థానాలు ఇచ్చి, వాటిని కలిపితే ఈ గొడవ చాలావరకు పోతుంది. ఒకరు మొదటి కథ నుంచీ, ఇంకొకరు చివరి కథ నుంచీ చదివితే మరీ మంచిది, అలసిపోయాక చదివే కథలు అందరికీ ఒకటే కాకుండా ఉంటాయి.

ఇక వడపోత. 300 కథలొస్తే, కథకు పావుగంట చొప్పున 75 గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చున్నా ఐదు వారాలు దాటుతుంది. అందుకే మొదటి విడతలో చాలా కథలను ఒక్కరే చదువుతారు, అదీ పూర్తిగా చదువుతారన్న భరోసా లేదు. బహుమతి రాలేదంటే న్యాయనిర్ణేతలు కాదన్నారని కాదు, వాళ్ల దాకా వెళ్లకపోయి కూడా ఉండొచ్చు.

ప్రకటనలో చూడాల్సింది: కథలకు కోడ్ నంబర్లు వేస్తారా, ఫలితాల తేదీ ఉందా, న్యాయనిర్ణేతల పేర్లు ఫలితాలతోనైనా చెబుతారా. ‘వాదోపవాదాలకు తావు లేదు’ అన్న వాక్యం అందరూ రాసేదే, దానికి బెదరక్కర్లేదు. ప్రవేశ రుసుముతో పాటు సంకలనం ఐదు కాపీలు కొనమంటే మాత్రం అది పోటీ కాదు, అమ్మకం.

కంచరపాలెం పాఠకురాలు:
చదవకుండానే పక్కన పెట్టే కథల సంగతి చెబుతాను. హామీ పత్రం లేకపోవడం ఒకటి. సొంత కథ, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు: ఇవన్నీ అందులో ఉండాలి. పేరు, చిరునామా ఆ కాగితం మీదే రాయాలి, కథ పేజీల్లో ఎక్కడా కనపడకూడదు. వర్డ్ ఫైలు పంపితే ఫైలు వివరాల్లో ‘ఆథర్’ అన్నచోట మీ పేరు దాక్కుని ఉంటుంది. ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నొక్కి తీసెయ్యండి. ఫైలుకు కథ పేరే పెట్టండి. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంటులో కొట్టించినది యూనికోడ్‌కి మారిస్తే ఒత్తులు చెదురుతాయి. మార్చాక ఒకసారి బయటికి చదివి, పీడీఎఫ్ కూడా జతచెయ్యండి.

యాస విషయానికొస్తే, దెబ్బతీసేది యాస కాదు, నిలకడ లేకపోవడం. ఒక పాత్ర ఒకచోట ‘నాను’ అని, ఇంకోచోట ‘నేను’ అంటే కడపలో కూర్చున్న న్యాయనిర్ణేతకు అది అచ్చుతప్పు. ‘బేగి’, ‘గుంట’ లాంటివి సందర్భంలోనే అర్థమయ్యేలా ఉంటే చాలు, పక్కన అర్థాలు ఇవ్వొద్దు. ఈ యాసలోనే కథలు రాసిన రావిశాస్త్రి గారి గడ్డ మీద ఈ భయమేమిటండీ!

ఎండాడ మాస్టారు:
హామీ పత్రం నమూనా వాళ్లే ఇస్తే సంతకానికి ముందు పూర్తిగా చదవండి. ‘సర్వహక్కులు నిర్వాహకులవే’ అన్న ముక్క అందులోనే ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆ వాక్యం కొట్టేసి ‘ఒకసారి ప్రచురణకు మాత్రమే’ అని రాసి పంపొచ్చు. ఒప్పుకోకపోతే ఆ పోటీ వదులుకోవడమే మేలు.

బహుమతి రాని కథను ఆ వారం ముట్టుకోవద్దు. కోపంలో ముగింపు మార్చేస్తాం, సాధారణంగా బాగున్న ముగింపునే. ఒకే లోపం ఇద్దరు వేర్వేరుగా చెబితే దిద్దండి, లేకపోతే అలాగే ఇంకోచోటికి. 3000 పదాల కథను 1500కి నరికి పోటీకి సరిపెట్టకండి, ముందు పోయేది కథలోని వాతావరణమే. ‘సాధారణ ప్రచురణకు స్వీకరించాం’ అంటే తిరస్కారం కాదు, వడపోత దాటినట్టు. ఏ కథ ఎక్కడికి, ఏ రోజు, ఎన్ని పదాలు, ఫలితం ఎప్పుడు అని నోటుబుక్కులో రాసుకోండి. ప్రకటించిన తేదీ దాటి నెలైనా ఉలుకూపలుకూ లేకపోతే, కథ వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాల మెయిల్ పంపి, ఆ తర్వాతే వేరే చోటికి పంపాలి.

అన్నట్టు, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక కథల పోటీలో మన పాలగుమ్మి పద్మరాజు గారికి వచ్చింది రెండో బహుమతి. మొదటిది ఎవరిదో ఇక్కడ ఎవరైనా చెబుతారేమో చూద్దాం.

మద్దిలపాలెం కుర్రాడు:
ధన్యవాదాలండీ. ఫేస్‌బుక్‌లో మొదటి పేరా ఒక్కటే పెట్టినా ప్రచురణ కిందికి వస్తుందా?

కంచరపాలెం పాఠకురాలు:
‘ఏ మాధ్యమంలోనూ’ అని నిబంధన ఉంటే ఒక్క పేరా కూడా పెట్టకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టినా అభ్యంతరం చెప్పొచ్చు. ఇప్పటికే పెట్టి ఉంటే తీసేసి ఊరుకోకుండా, ఆ ముక్క హామీ పత్రంలో రాసెయ్యండి.