ఏఏసీ బ్లాకు గోడలో స్క్రూలు నిలవడం లేదు

పాప గదిలో 6 అడుగుల ఎత్తున పుస్తకాల అర బిగించాను. 18 మి.మీ. ప్లైవుడ్, 4 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, కింద మూడు ఇనుప ఎల్ బ్రాకెట్లు. గోడ 6 అంగుళాల ఏఏసీ బ్లాకులది (లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు ఇటుకలు). 8 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్గులు, 2 అంగుళాల స్క్రూలు వేశాను. సుమారు 15 కిలోల పుస్తకాలు పెట్టిన నాలుగో రోజుకే బ్రాకెట్ల పై స్క్రూలు గోడలోంచి బయటికి జరిగాయి. కింది స్క్రూలు కదలలేదు.

మొదటిసారి డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో (తిరుగుతూ సుత్తిలా కొట్టేలా) పెట్టి రంధ్రాలు చేశాను, అది నా తప్పే. రెండోసారి పక్కన కొత్త చోట, హ్యామర్ లేకుండా 10 మి.మీ. ప్లగ్గులు వేశాను. అర వారమే నిలిచింది. పాత రంధ్రాల్లో వైట్ సిమెంటు నింపి చూస్తే అది ప్లగ్గుతో సహా ఊడివచ్చింది. ఇప్పుడు అర దించేశాను, కింద పాప మంచం ఉంది మరి.

గోడ అవతల హాలు కాబట్టి గోడ గుండా అవతలికి వెళ్లే బోల్టు వేయలేను. ఈ బరువు ఆగాలంటే ఇలాంటి గోడకు ఏ రకం యాంకర్ (గోడలో పట్టు ఇచ్చే బిగింపు), ఎంత లోతుకు వేయాలి?