విశ్వవిద్యాలయంలో గోతిక్ సాహిత్యం: చదివినవారి అనుభవాలు

చదువరి:
ఆంగ్ల సాహిత్యం ఎం.ఏ.లో గోతిక్ సాహిత్యాన్ని (పాత కోటలు, రహస్యాలు, భయం చుట్టూ అల్లిన కథలను) ఐచ్ఛికాంశంగా తీసుకున్నాను. పఠన జాబితాలో లావుపాటి నవలలతో పాటు సిద్ధాంత వ్యాసాలు కూడా చాలా ఉన్నాయి. ముందుగా వేటిని చదవాలో, నేను రాసే వ్యాసం కథాసంగ్రహంగా మిగిలిపోకుండా ఎలా చూసుకోవాలో ఈ పేపరు చదివినవారు చెబితే మేలవుతుంది.

పాతపుటలు:
హొరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలుపెట్టండి. చిన్న నవలే గానీ, కథలోకి వెళ్లే ముందు దాని రెండు ముందుమాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. 1764 చివర వెలువడిన మొదటి ముద్రణలో వాల్పోల్ తన పేరు దాచి, అది ఒక పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమని నమ్మించాడు. పుస్తకానికి ఆదరణ లభించాక, 1765 నాటి రెండో ముద్రణలో అది అనువాదం కాదని ఒప్పుకుని ‘ఎ గోతిక్ స్టోరీ’ అన్న ఉపశీర్షిక చేర్చాడు. పెళ్లిరోజునే వరుడు ఒక బ్రహ్మాండమైన శిరస్త్రాణం కింద నలిగి చనిపోవడం మొదటి పుటల్లోనే వస్తుంది. మా తరగతిలో చాలామంది అక్కడ నవ్వారు. మా అధ్యాపకురాలు ఆ నవ్వును కాదనకుండా, పాత గ్రంథమని నమ్మి చదివినవారికి ఈ ఘట్టం ఎలా తోచి ఉంటుంది, ఆధునికుడి రచన అని తెలిశాక ఎలా తోచి ఉంటుంది అని అడిగారు. నా వ్యాసానికి దారి ఆ ప్రశ్నలోనే దొరికింది.

నిశాంత:
ఆన్ రాడ్‌క్లిఫ్ ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ (1794) నాలుగు సంపుటాల నవల కాబట్టి చాలామంది సంగ్రహంతో సరిపెట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి, ఎందుకంటే ఆ నవల శక్తి అంతా జాప్యంలోనే ఉంది. కథానాయిక ఎమిలీ కోటలో నల్లని తెర తొలగించి చూసి స్పృహ తప్పుతుంది, కానీ ఆమె చూసినదేమిటో రచయిత్రి అప్పుడు చెప్పదు. అది మైనపు బొమ్మ అని నవల ముగింపు దగ్గరపడ్డాక గానీ మనకు తెలియదు. సంగ్రహంలో ఇది ఒక్క వాక్యం. నవలలో మాత్రం వందల పుటల పాటు ఆ తెర మన మనసులో వేలాడుతూనే ఉంటుంది. ఆ తర్వాత, ఆమె మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసం చదవండి. టెర్రర్ మనసును విశాలం చేసి మేల్కొలుపుతుందని, హారర్ దాన్ని ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుందని ఆమె అందులో వాదిస్తుంది. (ఇది మన అలంకారశాస్త్రంలోని భయానక, బీభత్సాల విభజనకు దగ్గరగా కనిపిస్తుంది గానీ, రెండూ ఒకటి కావు.) మాథ్యూ లూయిస్ ‘ది మాంక్’ (1796) చదివితే రెండోదైన హారర్ మార్గం ఎలా ఉంటుందో స్పష్టమవుతుంది.

రేఖామాత్రం:
‘ఫ్రాంకెన్‌స్టయిన్’ మీ జాబితాలో ఉంటే, ఏ పాఠమో, అంటే ఏ ముద్రణలోని రూపమో, ముందే అడిగి తెలుసుకోండి. 1818 పాఠంలో ఎలిజబెత్ కథానాయకుడైన విక్టర్‌కు మేనత్త కూతురు. మేరీ షెల్లీ సవరించిన 1831 పాఠంలో ఆమె రక్తసంబంధం లేని పెంపుడు పిల్ల. విక్టర్ విధిని నిందించడం కూడా సవరించిన పాఠంలో ఎక్కువ. ఒక పాఠాన్ని చదివి మరో పాఠం నుంచి ఉల్లేఖిస్తే వాదన అంతా కూలిపోతుంది.

దీపకళిక:
ముందు నవలలు, తర్వాతే సిద్ధాంతం అన్న ధోరణితో నేను పూర్తిగా ఏకీభవించను. షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’లో పై అంతస్తులో బంధించి ఉంచిన నాయకుడి భార్య బెర్తాను నేను మొదటిసారి చదివినప్పుడు కేవలం భయం గొలిపే పాత్రగానే చూశాను. విమర్శకులు గిల్బర్ట్, గుబార్ 1979లో ప్రచురించిన ‘ది మ్యాడ్‌వుమన్ ఇన్ ది అటిక్’ అనే అధ్యయనం ఆమెను జేన్ అణచుకున్న కోపానికి ప్రతిరూపంగా చూపింది. అంతకుముందే, 1966లో, జీన్ రీస్ తన నవల ‘వైడ్ సర్గాసో సీ’లో కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఆ స్త్రీకే గొంతు ఇచ్చింది. ఈ రెండింటి తర్వాత అవే పుటలు నాకు వేరుగా కనిపించాయి. అయితే పరిచితమైనదే వింతగా, భయంగా తోచడం గురించి మానసిక విశ్లేషకుడు ఫ్రాయిడ్ 1919లో రాసిన వ్యాసాన్ని ప్రతి దయ్యానికీ అన్వయించే అలవాటు మాత్రం మంచిది కాదు.

చదువరి:
అందరికీ కృతజ్ఞతలు. డిసర్టేషన్‌కు బ్రామ్ స్టోకర్ రక్తపిశాచి నవల ‘డ్రాకులా’ తీసుకోవాలని ఉంది, కానీ దానిపై ఇప్పటికే రానిదంటూ ఏముంది?

పాతపుటలు:
‘డ్రాకులాలో భయం’ వంటి అంశమైతే ఎక్కడా తేలదు. 1897లో వచ్చిన ఆ నవలలో ఎవరు రాస్తున్నారు, ఎవరు ప్రతులు తీస్తున్నారు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని చూడండి. పాత్రల డైరీలను, మాటలు నమోదు చేసే పాత యంత్రమైన ఫోనోగ్రాఫ్‌లో చెప్పిన మాటలను నాయిక మీనా టైపు చేస్తుంది. డ్రాకులా అసలు కాగితాలను తగలబెట్టినా, ఇనప్పెట్టెలో మరో ప్రతి ఉండటం వల్లే కథ మిగులుతుంది. చివరికి ఆమె భర్త జొనాథన్, తమ దగ్గర టైపు కాగితాల కుప్ప తప్ప అసలైన పత్రం దాదాపు ఒక్కటీ లేదని గమనిస్తాడు. సాక్ష్యమే నిలవని కథను మనచేత నమ్మించడానికి స్టోకర్ ఏమేం చేశాడో పుట పుటా చూపగలిగితే, అది ఒక డిసర్టేషన్‌కు సరిపడే పని.